డబ్బాల మెడలో నల్ల దారాలు

బస్తర్ కొండల్లో కిరండూల్ రైల్వే క్వార్టర్లో మాకు రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక వైపు చిన్న వరండా ఉండేవి. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే నేను గూళ్ళు లెక్కపెట్టాను. గోడల్లో నాలుగు. వంటింట్లో రెండు సిమెంటు అరలు. వాటికి తోడు కిటికీ గట్టు, తలుపు వెనక కొక్కేలు, మంచం కింద చోటు, బల్ల సొరుగు. ఇంటి చెత్తంతా ఈ చోట్లలోకే వచ్చి చేరుతుంది. గది నడిమధ్య ఎవరూ చెత్త పెట్టుకోరు.

ఇల్లంతా ఒక్క రోజులో సర్దేస్తానని కొంగు బిగించిన మనిషి సాయంత్రానికి ఆ సామాను మధ్య కూలబడి పాత ఉత్తరాలు చదువుకుంటూ కనిపిస్తుంది. నేనూ అలా కూలబడినదాన్నే. పొద్దున బడిలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం ఇంటిపని చూసుకుని, మిగిలిన కాస్త వేళలో నాలుగు పేజీలు రాసుకునేదాన్ని. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. కుక్కర్ ఎక్కించాక మూడు విజిళ్ళు వచ్చేలోపల ఒక్క చోటు సర్దాలి. అదీ మూరెడుకు మించకూడదు. అక్కడున్నవన్నీ కిందికి దించి, తడిగుడ్డతో తుడిచి, పోయిన సంత నుంచి ఈ సంత దాకా ఏ వస్తువుతో పని పడిందో దాన్ని మాత్రమే మళ్ళీ పైకెక్కించాలి. ఎటూ తేలనివి గుమ్మం పక్కనున్న వెదురుబుట్టలో వెయ్యాలి. వచ్చే సంత దాకా ఎవరూ అడగకపోతే వాటిని కావలసినవాళ్ళకు ఇచ్చెయ్యాలి. మూడో విజిల్ రాగానే చెయ్యి కడిగేసుకోవాలి. ఇంకొంచెం, ఇంకొంచెం అని సాగదీస్తే మర్నాడు ఆ పనికి చెయ్యి రాదు.

ఆ ఊళ్ళో అలా చెయ్యకపోతే బతకలేం. కొండ మీద ఇనపరాయి తవ్వేవారు. రోజంతా ఆ రాయి బెల్టుల మీద కిందికి దిగి, బండ్లలోకెక్కి, మా కిటికీ ముందునుంచే విశాఖపట్నం దారి పట్టేది. దాని దుమ్ము మాత్రం మా దగ్గరే ఉండిపోయేది. తెల్ల తువ్వాలు పొద్దున ఆరేస్తే మధ్యాహ్నానికి ఇటుకరంగు తిరిగేది. పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతుంటే నా బొటనవేలి ముద్రలు ఎర్రగా పడేవి. ఇంట్లో ఒక వస్తువు పెరిగిందంటే, ఆ దుమ్ముకు ఇంకో పీట వేసినట్టే.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నేను సభల్లో పెరిగిన మనిషిని. మా నాన్న నన్ను చిన్నప్పుడే వేలు పట్టుకుని చర్చాసభలకు తీసుకెళ్ళేవాడు. తాయెత్తులు, ముహూర్తాలు, అంటూ ముట్టూ, దేన్నీ వదలకుండా అక్కడ నిలదీసేవారు. ఎవరేం చెప్పినా ముందు "ఆధారం ఏమిటి?" అనడం నాకు అక్కడే అలవాటైంది. పెళ్ళయ్యి బస్తర్ వచ్చాక ఆ ప్రశ్న అడగడానికి ఎదురుగా ఎవరూ లేక, ఇంట్లో వస్తువుల్నే అడుగుతుండేదాన్ని. విరిగిన గొడుగా, నువ్వెందుకున్నావు? మూతలేని సీసా, నీతో ఎవరికి పని?

నా భర్త గూడ్సు బండి గార్డు. రాయి బండితో వెళితే రెండో రోజో మూడో రోజో తిరిగొచ్చేవాడు. వచ్చీరాగానే జేబులు ఖాళీ చేసి, "నా పెన్ను కోర్టుకి వెళ్ళిందా, ఇంట్లోనే ఉందా?" అని అడిగేవాడు. వెదురుబుట్టకు కోర్టని పేరు పెట్టింది ఆయనే.

మా కాపురానికి నాలుగేళ్ళు నిండినప్పుడు మా అత్త వచ్చింది. మామగారు పోయాక విజయనగరం పక్కన పల్లెలో ఒంటరిగా ఉండనని, తానే కబురు పెట్టి, రేకుపెట్టె ఒకటి పట్టుకుని రైలెక్కింది. గుమ్మంలో నిలబడి ఇల్లంతా ఒకసారి చూసింది.

"ఇదేటే అమ్మీ, ఇల్లా, ఆస్పత్రా? ఓ పటం లేదు, ఓ బొమ్మ లేదు."

"దుమ్ము పడుతుందత్తా."

"దుమ్ము నీ మీద మాత్రం పడదేటి? నిన్నూ ఆ బుట్టలో ఏసీమంటావా?"

ఆమె చదువుకోలేదు. అయినా సభల్లో నా నోరు ఇంత తొందరగా మూయించినవాళ్ళు తక్కువ. నన్ను మేస్టరమ్మ అని పిలిచేది. కోపమొస్తే 'సబల మడిసి' అనేది. వారం తిరిగేసరికి మా మధ్య ఒక ఒడంబడిక కుదిరింది. నాలుగు గూళ్ళలో ఒకటి ఆమెది. అందులో దేవుడి పటం, ఇత్తడి ప్రమిద ఉంటాయి. నా కోర్టు అక్కడికి రాకూడదు. దానికి బదులు ఆమె నాచేత ఉపవాసాలు చేయించకూడదు. వంటిల్లు ఎవరిదన్న మాట మేము అనుకోలేదు. కానీ నేను బడికి వెళ్ళి వచ్చేసరికి అన్నం, కూర, చారు తయారుగా ఉండేవి. నేను పుస్తకం చదువుతూ పప్పు మాడ్చడం చూసి, రెండో రోజునుంచే గరిటె తన చేతిలోకి తీసుకుంది.

నాకు అంతకుముందు వంటింట్లో నవ్వే మనిషి లేదు. పక్క క్వార్టర్లో ఆస్పత్రి నర్సు ఉండేది. వాళ్ళదీ మా వైపే, శ్రీకాకుళం. ఆదివారం చర్చినుంచి రాగానే చీర కూడా మార్చుకోకుండా మా వరండాలోకి వచ్చేది. మా అత్త ఆమెను సిస్టరమ్మ అనేది. ముగ్గురం చింతపండు గింజలు తీస్తూ దేవుడున్నాడా లేడా అని పోట్లాడుకునేవాళ్ళం. ఆ ఇద్దరూ ఉన్నాడనేవారు, కాకపోతే ఎవరి దేవుడు వాళ్ళకి. "ముందు మీరిద్దరూ ఒక మాట మీదికి రండి, తర్వాత నా సంగతి చూద్దాం," అనేదాన్ని నేను. మా అత్త గింజ ఒకటి తీసి నా మీదికి విసిరేది.

రెండేళ్ళు అలా గడిచాక ఆమెలో కొన్ని మార్పులు వచ్చాయి. వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరడం మానేసింది. మెడ నొప్పంది. సాయంత్రం గూట్లో దీపం పెట్టడం మానేసింది. నేను అడగలేదు. అడగకపోగా లోలోపల పొంగిపోయాను. రెండేళ్ళు నేను చెప్పిన మాటలు ఆమెలో పని చేశాయనుకున్నాను. ఒక చిన్న పత్రికకు రాసిన వ్యాసంలో, చదువురాని ఒక వృద్ధురాలు కూడా నిదానంగా నచ్చజెబితే దీపారాధన వదిలేసిందని పేరు చెప్పకుండా రాసేశాను. అచ్చయ్యి వచ్చినప్పుడు ఆ పేజీని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

ఆ రోజుల్లోనే వంటింటి అరలో నల్ల దారాలు కనిపించాయి. మా పెళ్ళికి ఇచ్చిన స్టీలు డబ్బాలు ఎనిమిది ఉండేవి. ఎనిమిదీ ఒకే ఎత్తు, ఒకే మూత. ఉప్పు, పంచదార, పసుపు, కారం, టీపొడి, అలాంటివన్నీ వాటిలోనే. ఒకరోజు చూద్దును కదా, ప్రతి డబ్బాకూ మూత కింద నల్ల దారం చుట్టి ఉంది. సంతలో మొలతాళ్ళకూ, దిష్టి తాళ్ళకూ అమ్మే ఉండ దారం.

"ఇవేమిటత్తా?"

"ఉండనీయే. నీకేటి అడ్డం?"

"దిష్టి దారాలా? ఉప్పుకి కూడా దిష్టి తగులుతుందా?"

ఆమె ఒక డబ్బా మూత బిగించింది. "అలగే అనుకో," అంది.

గూడు వదిలేసి అరలోకి వచ్చిందన్నమాట, అనుకున్నాను. మన ఒడంబడిక గూటికే గానీ అరకు కాదన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. తర్వాత నేను అరలో ఏ డబ్బా కదిపినా వెంటనే వచ్చి దాన్ని ఎక్కడిదక్కడ పెట్టేసేది. వాడిన గరిటె కూడా అదే మేకుకు, పీట కూడా అదే మూలకు. ఈ మొండితనం వయసుతో వచ్చిందనుకున్నాను.

ఒక సంత రోజున నర్సు వచ్చి, "రండి పిన్నీ, సారపప్పు వచ్చిందట," అని ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. నాకు బడి సెలవు. కుక్కర్ ఎక్కించాను. కత్తెర తీసుకున్నాను.

మొదటి విజిల్ వచ్చేసరికి ఎనిమిది దారాలూ కత్తిరించడం అయిపోయింది. రెండో విజిల్ లోపల అర తుడిచాను. మూడో విజిల్ రాకముందే డబ్బాల్ని కొత్త వరసలో పెట్టాను. రోజూ వాడేవి ముందు, అప్పుడప్పుడు వాడేవి వెనక. అది నా సూత్రాల్లో మొదటిది. తెగిన దారాల్ని వెదురుబుట్టలో వేశాను. అలా వెయ్యడం గౌరవంతో కాదు. బయటికి విసిరేసేముందు ప్రతి వస్తువూ ఒక సంత దాకా బుట్టలో ఉండాలన్న నియమం నాదే కనుక, దాన్ని నేను తప్పకూడదు. కిటికీ వెలుగులో డబ్బాలు తళతళా మెరిశాయి. ఇంతకాలానికి ఒక మూఢనమ్మకాన్ని మూడు విజిళ్ళలో వదిలించానని సంతోషించాను.

మా అత్త సంతనుంచి వచ్చి సారపప్పు పోయడానికి అర దగ్గరికి వెళ్ళింది. చెయ్యి చాపి ఒక డబ్బా పట్టుకుంది. వేళ్ళు మూత కింద ఒక చుట్టు తిరిగాయి. ఇంకో డబ్బా పట్టుకుంది. తర్వాత ఇంకోటి.

"ఎవులు సర్దినారు?"

"నేనే అత్తా. బాగుందా?"

ఆమె అర వైపే తిరిగి నిలబడింది. గొడవ పడుతుందని జవాబులన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాను.

"బాగున్నాది," అంది.

ఒక్క జవాబూ వాడుకోవలసిన పని పడలేదు. నాకది గెలుపులా అనిపించింది.

మర్నాడు నా భర్త డ్యూటీనుంచి వచ్చాడు. మా అత్త టీ పెట్టి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఏమ్మా, సముద్రం గుర్తొచ్చిందా? టీలో కలిపేశావు?"

"సెయ్యి తిరగబడినాది బాబూ. ఇటియ్యి, మళ్ళీ పెడతాను."

"ఉండనీలే. భీమిలి వెళ్ళే ఖర్చు తప్పింది," అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె కూడా నవ్వింది గానీ, గ్లాసు తీసుకుంటున్నప్పుడు చెయ్యి దాని పక్కకు పోయి, మళ్ళీ వెతుక్కుని గ్లాసును పట్టుకుంది. అదీ చూశాను. చూసి కూడా దాన్ని ఏ వరసలోనూ పెట్టుకోలేదు.

రెండు రోజుల తర్వాత బడి తొందరగా వదిలేశారు. నేను ఇంటికొచ్చేసరికి వంటింటి తలుపు తీసే ఉంది. మా అత్త గట్టు ముందు నిలబడింది. ఎనిమిది డబ్బాలూ మూతలు తీసి వరసగా పెట్టుకుంది. ఒక్కొక్కదానిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటోంది. కారం డబ్బా దగ్గర దగ్గు ముంచుకొచ్చింది. చప్పుడు బయటికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకుని, ఆ డబ్బా మెడ చుట్టూ వేలితో నెమ్మదిగా తడిమింది. అక్కడ ఉండాల్సినదేదో ఇంకా ఉందేమో అన్నట్టు.

నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. గుమ్మం పక్కన కూర్చుని బుట్టలో చెయ్యి పెట్టాను. దారాలు అక్కడే ఉన్నాయి. ఒకదానికి ఒకే ముడి ఉంది. ఇంకోదానికి రెండు ముళ్ళు. ఇంకోదానికి మూడు. ఒక దారం మధ్యలో చొక్కా గుండీ గుచ్చి ఉంది. దిష్టి దారానికి ముళ్ళు ఉంటే ఉండవచ్చు. కానీ ఏ రెండూ ఒకేలా లేకుండా, ఒకటి, రెండు, మూడు అని వరసగా ముళ్ళు వేసి దిష్టి తీసేవాళ్ళని నేను ఎక్కడా చూడలేదు. అవి నమ్మకాలు కావు. అవి అక్షరాలు. చదువురాదని నేను పత్రికలో రాసిన మనిషి రాసుకున్న అక్షరాలు. నేను వాటిని మూడు విజిళ్ళలో చెరిపేశాను.

బియ్యంలో రాళ్ళు. గూట్లో దీపం. గ్లాసు పక్కకు పోయిన చెయ్యి. అప్పుడన్నీ వరసలోకి వచ్చాయి. అందరినీ ఆధారం అడిగిన నేను ఆ ఒక్క రోజు నన్ను నేను అడగలేదు.

లోపలికి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. దారాలు ఆమె చేతిలో పెట్టాను.

"ఏ ముడి దేనిదో చెప్పత్తా. నేను కడతాను."

ఆమె వేళ్ళు దారాల మీద ఆగిపోయాయి. తర్వాత పీట లాక్కుని కూర్చుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏడాది పైనే. మబ్బు పట్టినట్టుంటాది. మడిసి వస్తే ఆకారం తెలుస్తాది. గొంతు ఇంటే ఎవులో తెలుస్తాది."

"మరి చెప్పలేదేం? ఆయనకైనా చెప్పలేదేం?"

"సెప్తే ఏటి సేస్తారో నాకు తెల్దేటి?" అంది. "నాకూ ఓ అత్త ఉండేదే అమ్మీ. ఆవిడికి ఇలగే కళ్ళు పోనాయి. నాను కొత్త కోడల్ని. మంచిదాన్నని పేరు తెచ్చుకోవాలని ఉండేది. 'నువ్వు కూకో అత్తా, నాను సేస్తాను' అని ఆవిడి సేతిలోంచి సేట తీసుకున్నాను. మర్నాడు గరిటె తీసుకున్నాను. అటుపైన సెంబు తీసుకున్నాను. అరుగు మీద మంచమేసి కూకోబెట్టినాను. కంచంలో అన్నం కలిపి సేతికిచ్చీదాన్ని. ఊరంతా నన్ను మెచ్చుకున్నారు. పదకొండేళ్ళు కూకున్నాదే ఆ ముసిల్ది. వచ్చేపోయే వాళ్ళని, 'ఏటైనా పనుంటే సెప్పండే' అని అడిగీది. ఒక్కులూ సెప్పలేదు. నానూ సెప్పలేదు."

దారాల్ని నా వైపు చాపింది.

"మావోడు మంచోడు. నువ్వూ మంచిదానివి. అందుకే నాకు బయం. నా సేతిలోంచి గరిటె తియ్యకే అమ్మీ."

నేల మీద కూర్చుని డబ్బాలు ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని దారాలు కట్టాను. ఉప్పుకు ఒక ముడి. పంచదారకు రెండు. పసుపుకు మూడు. గుండీ కారానిది. "తప్పు సేస్తే మంటెక్కేది అదొక్కటే. అందుకే గుండీ," అంది. ఉప్పూ పంచదారా దగ్గర దగ్గరగా పెట్టబోతే చెయ్యి మీద చిన్నగా కొట్టింది. "దూరంగా పెట్టు. అవి రెండూ తోడికోడళ్ళు. పక్కనుంటే కొంప ముంచుతాయి." నల్ల దారమే ఎందుకని అడిగాను. తెల్ల దారమైతే దుమ్ముకి మాసి కొడుకు కంట్లో పడుతుందట. నేను ఏమనుకుంటానో కూడా ముందే ఊహించిందట. "నువ్వు దిష్టి దారాలనుకుని ఎగతాళి సేస్తావు గానీ, అడగవని తెలుసు," అంది.

ఆ మాట ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను గుచ్చుతుంది.

శుక్లాలని నర్సు చూడగానే చెప్పింది. ఆస్పత్రిలో కంటి డాక్టరున్నాడు, కోత పెడితే చూపు వస్తుందంది. మా అత్త వినలేదు. వాళ్ళ ఊళ్ళో ఒకామెకు కోత తర్వాత ఉన్న కాస్త వెలుగూ పోయిందట. ఇప్పుడున్న మబ్బు చాలునంది. నేను వారం రోజులు వాదించాను. కన్ను ఎలా పని చేస్తుందో పలక మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. బొమ్మ కనిపించని మనిషికి బొమ్మ గీసి చూపిస్తున్నానని సగం గీశాక గుర్తొచ్చింది. ఇద్దరం నవ్వాం. అయినా ఆమె మాట మారలేదు.

"ఉపన్యాసం ఆపు వదినా," అంది నర్సు, గోడ అవతలనుంచి. "ఆవిడకి భయం కోతంటే కాదు. కోత వికటిస్తే మంచమెక్కిస్తారని."

ఆ రాత్రంతా అదే ఆలోచించాను. మర్నాడు బడినుంచి రాగానే తువ్వాలుతో నా కళ్ళకు గంతలు కట్టుకున్నాను. బిగించి ముడి వెయ్యమని మా అత్తనే అడిగాను.

"ఏటే ఇది, దాగుడుమూతలా?"

"ఈవేళ వంట నేను చేస్తాను. నీ దారాలు పట్టుకుని. నువ్వు పక్కన కూర్చుని చెప్పు. కళ్ళు లేకపోయినా ఈ వంటిల్లు నడుస్తుందా లేదా, తేల్చేద్దాం."

ఒక్క ముడి తడిమి ఉప్పు తీశాను. గుండీ తడిమి కారం తీశాను. పోపు వేగిందో లేదో వాసన పట్టి, ఆవాలు చిటపటలాడటం ఆగాక పప్పు వెయ్యమని నేర్పింది. గరిటె వెతుక్కుంటుంటే, "మేకు నీ కుడిసెవి ఎత్తులో ఉన్నాది," అంది. చెవి ఎత్తున తడిమితే అక్కడే దొరికింది. నాలుగు గూళ్ళు, రెండు అరలు అని లెక్కపెట్టుకున్న ఆ ఇల్లు నాకు తెలిసిందనుకున్నాను. ఆమెకు తెలిసినట్టు మాత్రం నాకు తెలియదు. నేను నెలకోసారి వరస మార్చి సర్దిన చోటల్లా ఆమె తోవలో గొయ్యి తవ్వినట్టే అయ్యింది.

అదే సమయానికి గుమ్మంలో బూట్ల చప్పుడైంది. నా భర్త రాయి బండి దిగి వచ్చాడు. భార్య కళ్ళకు గంతలు, చేతిలో గరిటె. తల్లి పీట మీద కూర్చుని ఆజ్ఞలిస్తోంది.

"నేను రెండు రోజులు లేకపోతే ఇంట్లో ఏం జరుగుతోంది?" అన్నాడు.

నేను గంతలు విప్పలేదు. చెప్పడం నా వంతు కాదు. కాసేపటికి మా అత్తే చెప్పింది. మొత్తం చెప్పింది, అరుగు మీది మంచంతో సహా. ఆయన వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నట్టు చప్పుడును బట్టి తెలిసింది. "టీలో ఉప్పేశావని నవ్వాను కదమ్మా," అని మాత్రం అన్నాడు.

అన్నాలు తిన్నాక మా అత్త నన్ను పిలిచింది. పప్పులో ఉప్పు సరిపోయిందంది. నా చేతి వంటను ఆమె మెచ్చుకోవడం అదే మొదటిసారి.

"కోత పెట్టించుకుంటాను. ఒక మాట. కోత ఇకటించినా గరిటె నాదే."

"నీదే అత్తా. కావాలంటే రాసిస్తాను."

"నీ రాతలెవులికి కావాలే? నా నెత్తి మీద సెయ్యేసి ఒట్టెయ్యి."

అప్పటిదాకా నేను ఒట్టు వేసినదాన్ని కాదు. తల మీద చెయ్యి పెట్టి అన్న మాటకు మామూలు మాటకన్నా ఎక్కువ బలం ఎక్కడినుంచి వస్తుందని సభల్లో అడిగినదాన్ని. మా అత్తకు అదంతా తెలుసు. తెలిసే అడిగింది. నేను విలువిచ్చేదాన్ని ఆమె కోసం పక్కన పెడతానో లేదో చూడాలనుకుంది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టాను. జుట్టు పలచగా, వెచ్చగా ఉంది. "కోత వికటించినా గరిటె నీదే. ఒట్టు," అన్నాను. పక్కనే ఉండి, ఆ ఒక్కసారికి ఎగతాళి చెయ్యనందుకు నా భర్త పట్ల నాకు ఎప్పటికీ కృతజ్ఞత ఉంటుంది.

కోత వికటించలేదు. ముందు ఒక కన్ను చేశారు. కట్టు విప్పాక కూడా కొన్ని వారాలు అంతా మసకే. అన్ని వారాలూ ఆమె దారాలు తడుముకుంటూనే వండింది. నేను అరలో చెయ్యి పెట్టలేదు. తర్వాత జగదల్‌పూర్ నుంచి సోడాబుడ్డి కళ్ళద్దాలు వచ్చాయి. నర్సు వాటిని ఆమె చెవులకు తగిలించింది. మా అత్త ముందు నన్ను చూసింది.

"ఏటే, ఇంత సిక్కిపోనావు?"

తర్వాత తలెత్తి వంటింటిని చూసింది. గోడలు చూసింది. పై అర అంచు మీద వేలు పెట్టి గీసి, ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టింది. ఎర్రగా ఉంది.

"సూడవే సిస్టరమ్మా! నాలుగు ఊళ్ళ సంగతులు దులిపే మడిసి ఇల్లు! మూడు ఇజిళ్ళంటాది, కోర్టంటాది, కొండంతా ఇంట్లోనే ఉన్నాది కదే!"

నర్సు పడీ పడీ నవ్వింది. మా అత్త అప్పటికప్పుడే కుక్కర్ ఎక్కించమని, తడిగుడ్డ తెమ్మని నన్ను ఉరికించింది. మూడు విజిళ్ళలోపల పై అర తుడిచేసింది. నేను తుడిచిన ఏ రోజూ అది అంత శుభ్రంగా లేదు. సాయంత్రం గూట్లో ప్రమిద కడిగి, వత్తి వేసి, దీపం పెట్టింది. ఇంతకాలం ఎందుకు మానేసిందో అప్పుడు అడిగాను. వత్తి కనపడక కొంగు అంటుకుంటుందని భయమట. దీపం మీద నా అభిప్రాయం అప్పుడూ మారలేదు, ఇప్పుడూ మారలేదు. ఆ పత్రికకు మాత్రం, నేను రాసింది తప్పని, ఆమె దీపం మానడానికి కారణం నా మాటలు కావని, ఒక ఉత్తరం రాశాను. వాళ్ళు దాన్ని వెయ్యలేదు. అగ్గిపెట్టె వేరే చోట ఉండేది. దాన్ని తెచ్చి గూటి పక్కన, ఆమె చేతికి అందేలా పెట్టాను.

మర్నాడు ఆమె కత్తెర అడిగింది. డబ్బాలు కిందికి దించి తానే ఒక్కొక్క దారం తెంపింది. చూపు వచ్చాక వాటితో పనేమిటి, ఊరికే దుమ్ము పడుతుందంది. ఆ మాట నాదే. ఏడు దారాలు వెదురుబుట్టలో పడ్డాయి. ఎనిమిదో డబ్బా దగ్గర కత్తెర ఆగింది. ఉప్పు డబ్బా. ఒకే ముడి.

"అది కూడా తెంపెయ్యత్తా. పని లేదుగా."

"నాకు లేదు," అని ఆమె ఆ డబ్బాను అరలో ముందు వరసలో పెట్టింది. "నీకున్నాది. పుస్తకం సదువుతూ వొండుతావు కదా, పేజీలోంచి కళ్ళు తియ్యకుండా తడుముకో."